మా ఇద్దరి పెళ్ళి రిజిస్టర్ అవుతుందా? బావకు ఏమని చెప్పాలి?

కోనసీమ నుంచి ఒక అమ్మాయి పెద్ద ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 28 ఏళ్ళు. అంబాజీపేట దగ్గర పల్లె. నాన్నది కొబ్బరి వ్యాపారం. అమ్మకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంన్నర తోట ఉంది. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమె కాకినాడలో ల్యాబ్ టెక్నీషియన్. భీమవరం వైపు నుంచి వచ్చిన 31 ఏళ్ళ స్కూల్ టీచరుతో నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఇంటి ఓనరుకీ, ఊళ్ళోవాళ్ళకీ వాళ్ళు స్నేహితురాళ్ళు. "మేము మాత్రం భార్యాభర్తల్లాగే బతుకుతున్నాం. నెలాఖరుకి నా జీతం అయిపోతే ఆమె జీతంతో ఇల్లు గడుస్తుంది. ఆమెకు జ్వరం వస్తే నాకు నిద్ర ఉండదు" అని రాశారు. టీచరుగారిది క్రైస్తవ కుటుంబం.

పోయినేడు టీచరుగారికి ఒక రాత్రి అపెండిసైటిస్ నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అని అడిగారు. ఫ్రెండ్ అంటే సంతకానికి ఒప్పుకోలేదు. భీమవరం నుంచి అన్నయ్య వచ్చేదాకా ఆపరేషన్ మొదలుపెట్టలేదు. ఆ రాత్రి నుంచి ఈమెకు పెళ్ళి కాగితం మీద ధ్యాస పడింది.

ఇంతలో ఇంట్లో వేరే పెళ్ళి సిద్ధమైంది. అమ్మకు స్వయానా అన్నయ్య అయిన మావయ్య, రొయ్యల చెరువులు చేసే తన కొడుక్కి ఈమెను చేసుకోవాలని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నారు. తోట బయటికి పోదన్న లెక్క కూడా అందులో ఉంది. దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ ఈమె ఫోన్లో మెసేజ్‌లు చూసేశారు. నాన్నకు చెప్పలేదు. మొదట "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. తర్వాత "రాజమండ్రిలో డాక్టరుకు చూపిద్దాం" అన్నారు. ఇప్పుడు "నువ్వు కాదంటే కాలవలో దూకుతాను, మన ఇంటా వంటా ఇలాంటిది లేదు" అంటున్నారు. సంక్రాంతికి మావయ్యవాళ్ళు వచ్చి, కనుమనాడు ప్రభల తీర్థం చూసుకుని, మర్నాడు తాంబూలాలు పుచ్చుకుంటారట. మాఘంలో ముహూర్తం.

ఆమె అడిగినవి: మా పెళ్ళి రిజిస్టర్ అవుతుందా? సుప్రీంకోర్టు ఒప్పుకుందని ఒకరు, కాదందని ఒకరు చెబుతున్నారు, ఏది నిజం? ఇంట్లోవాళ్ళు పోలీసు కేసు పెడితే మా గతేంటి? దస్తావేజులు రాసే ఆయన స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసిస్తానంటున్నాడు, అది చెల్లుతుందా? ఇద్దరిలో ఒకరు మగవాళ్ళుగా సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోతుందని ఇంటర్నెట్‌లో ఒకరు సలహా ఇచ్చారు, నిజమేనా? ఇవేవీ కుదరకపోతే బావను చేసుకుని నోరు మూసుకోవడమేనా? "బావ చాలా మంచివాడు. అదే నాకు ఎక్కువ బాధ" అన్న మాటతో ఉత్తరం ముగించారు.

సమాధానం:

ముందు పోలీసుల భయం సంగతి చూద్దాం. అది మనసులో ఉన్నంతకాలం మిగతా విషయాలు మీకు సరిగ్గా కనిపించవు.

మీరు చేస్తున్నది నేరం కాదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపడి కలిసి ఉండే వయోజనులకు అప్పటిదాకా స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ (భారత శిక్షా స్మృతి) 377 సెక్షన్ వర్తించదని తీర్పు ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. మీకు "సుప్రీంకోర్టు ఒప్పుకుంది" అని చెప్పినవాళ్ళు ఈ తీర్పు గురించే చెప్పారు. అది కలిసి బతకడం గురించి. పెళ్ళి గురించి కాదు.

మీవాళ్ళు "మా అమ్మాయి కనపడటం లేదు" అని ఫిర్యాదు ఇస్తే పోలీసులు మిమ్మల్ని పిలిపించవచ్చు. భయపడి దాక్కోవద్దు. వెళ్ళి, నేను మేజర్‌ని, నా ఇష్టంతోనే ఇక్కడ ఉంటున్నాను అని రాసిచ్చి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. మీ ఇద్దరిలో ఎవరినైనా ఇంట్లోవాళ్ళు బలవంతంగా తీసుకుపోయి కట్టడి చేస్తే, రెండో మనిషి హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేయవచ్చు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకే 2024 డిసెంబరులో అలాంటి కేసు వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరిని తండ్రి తీసుకుపోయారు. న్యాయమూర్తులు ఆ అమ్మాయినే అడిగారు. తన సహచరితో ఉంటానంది. అలాగే పంపించారు, తల్లిదండ్రులను జోక్యం చేసుకోవద్దన్నారు. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు కింది కోర్టులన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది: ఇలాంటి కేసుల్లో పుట్టింటివాళ్ళ మాటకే పెద్దపీట వేయవద్దు, కౌన్సెలింగ్ పేరుతో ఆ మనిషి స్వభావాన్ని మార్చాలని చూడవద్దు అని.

ఇక పెళ్ళి. ఈరోజుకి మీ పెళ్ళి ఏ చట్టం కిందా రిజిస్టర్ కాదు. మెత్తగా చెప్పి మీకు లేని ఆశ కల్పించలేను. హిందూ వివాహ చట్టం, క్రైస్తవ వివాహ చట్టం రెండూ వరుడు వధువు అన్న లెక్కలోనే ఉన్నాయి. మీ ఇద్దరివీ వేర్వేరు మతాలు కాబట్టి మీకు సరిపోవాల్సింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. అందులో కూడా పురుషుడికి 21, స్త్రీకి 18 ఏళ్ళు నిండాలని రాసి ఉంది. ఆ మాటలను "ఏ ఇద్దరైనా" అని చదవమని కోరుతూ చాలా జంటలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. ఆ కేసుకు పేరు పడ్డ జంట, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్, మన హైదరాబాద్‌లో ఉండేవాళ్ళే. 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని, చట్టాన్ని తిరగరాయడం పార్లమెంటు పనని ఐదుగురూ అన్నారు. పెళ్ళి కాకపోయినా ఏదో ఒక చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వాలా అన్న దగ్గర ఇద్దరు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయ్యారు. ముగ్గురి మాటే నిలిచింది, అంటే అదీ రాలేదు. పునఃసమీక్ష అడిగితే 2025 జనవరిలో కొట్టేశారు. ఇక దారి పార్లమెంటు చట్టం చేయడమే. లేదా ముందు ముందు ఇంకా పెద్ద ధర్మాసనం వేరేగా చెప్పాలి. మీ సంక్రాంతి లోపు జరిగేవి కావు ఇవి.

గుడిలో దండలు మార్చుకుంటే అది మీ ఇద్దరి మధ్య మాట. దానికి విలువ లేదని నేను అనను. కానీ రిజిస్ట్రారు ముందు నిలబడదు. స్టాంపు కాగితం ఒప్పందం కూడా అంతే. వంద రూపాయల కాగితం మీద "మేమిద్దరం జీవితాంతం కలిసి ఉంటాం" అని రాసుకుంటే, మీరు మీ ఇష్టంతోనే ఉంటున్నారని చూపించడానికి అక్కరకు రావచ్చు. అంతకు మించి హక్కులేవీ రావు. అందుకోసం దస్తావేజు రాసేవాళ్ళకు వేలకు వేలు పోయకండి. విదేశాల్లో చేసుకుంటే? అమెరికాలో 2015 నుంచి, తైవాన్‌లో 2019 నుంచి, థాయ్‌లాండ్‌లో 2025 నుంచి చెల్లుతుంది. అక్కడ స్థిరపడే ఉద్దేశం ఉంటే ఆలోచించండి. తిరిగి కాకినాడ వచ్చాక మాత్రం ఇక్కడి ఆఫీసుల్లో ఆ సర్టిఫికెట్‌ను గుర్తించరు.

సర్టిఫికెట్‌లో మగవాళ్ళుగా మార్పించుకోవడం గురించి కాస్త గట్టిగానే చెబుతున్నాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ అస్తిత్వాన్ని తామే చెప్పుకునే హక్కును 2014లో సుప్రీంకోర్టు గుర్తించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఉన్న స్త్రీపురుష జంట ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్ళి చేసుకోవచ్చని 2023 తీర్పులోనే ఉంది. 2025 జూన్‌లో మన హైకోర్టు, అలా పెళ్ళయిన ట్రాన్స్ మహిళ భర్త ఇంటి వేధింపుల మీద 498ఏ కింద ఫిర్యాదు చేయవచ్చని కూడా చెప్పింది. ఆ హక్కుల కోసం వాళ్ళు ఎన్నో అవమానాలు పడ్డారు. మీ ఉత్తరంలో "ఆమె ఆడమనిషే, నేనూ ఆడమనిషినే" అని మీరే రాశారు. మరి ఎవరు అబద్ధం రాసివ్వాలి? ఇవాళ పెళ్ళి కోసం అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే, రేపు ఉద్యోగంలో, పాస్‌పోర్టులో, ఆస్తి తగాదాలో అదే మీ మెడకు చుట్టుకుంటుంది. మీ సహచరి నిజంగానే తనను మగమనిషిగా అనుకుంటూ ఉంటే అది వేరే సంగతి, దాని దారి వేరు.

ఇక్కడ మీ అమ్మగారి మాట ఒకటి పట్టుకోవాలి. "మన ఇంటా వంటా లేదు" అన్నారు. ఆవిడ మీకు చేయాలనుకుంటున్న పెళ్ళినే తీసుకోండి. హిందూ వివాహ చట్టంలో నిషిద్ధ వరసల జాబితా ఉంది. అన్నాచెల్లెళ్ళ పిల్లలు ఒకరినొకరు పెళ్ళాడకూడదని ఆ జాబితాలో ఉంది. మేనమామ మేనకోడలిని చేసుకోవడమూ నిషిద్ధమే. అయినా మన మేనరికాలన్నీ చెల్లుతున్నాయి. ఆచారం ఉన్నచోట ఆ నిషేధం వర్తించదని చట్టమే ఒక మినహాయింపు ఇచ్చింది. ఉత్తరాదిలో చాలామందికి వినడానికే ఇబ్బందిగా ఉండే పెళ్ళి మన ఇళ్ళల్లో శుభకార్యం. ఎవరు ఎవరిని చేసుకోవచ్చు అన్న జాబితాను మనుషులే రాశారు, మనుషుల బతుకును చూసి సడలించారు కూడా.

రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. దాన్ని చెల్లేలా చేసిన చట్టం 1856లోనే వచ్చింది. పాతికేళ్ళు ఆ చట్టం కాగితం మీద ఉంది, చేసుకోవడానికి ఇక్కడ ఎవరికీ ధైర్యం రాలేదు. వచ్చాక ఆ పెళ్ళి చేయించినవాళ్ళను వెలివేశారు. అప్పుడు చట్టం ముందు నడిచింది, మనుషులు వెనకపడ్డారు. మీ విషయంలో మీరు ముందు నడిచారు, చట్టం వెనకపడింది. ఇదంతా మీ అమ్మగారికి వాదించి నెగ్గమని చెప్పడం లేదు. కన్నీళ్ళలో ఉన్న మనిషికి చరిత్ర ఎక్కదు. మీరు మాత్రం మిమ్మల్ని మీరు తప్పుచేసిన మనిషిగా చూసుకోకండి.

ఇప్పుడు బావ గురించి. మిగతా అన్నింట్లో ఇలా చేస్తే ఇదవుతుంది, అలా చేస్తే అదవుతుంది అని చెప్పగలను. ఈ ఒక్కదాంట్లో నా అభిప్రాయం దాచుకోను. విషయం చెప్పకుండా ఆయన్ను పెళ్ళి చేసుకోవద్దు.

మీరు అనుకుంటున్నట్టు అది మీ ఒక్కరి త్యాగం అవదు. ఆయన కోరుకుంటున్నది తనను ఇష్టపడే భార్యను. అది మీరు ఇవ్వలేరని మీకు తెలుసు, ఆయనకు తెలియదు. కుటుంబ కేసులు చూసేదాన్ని కాబట్టి ఇలాంటి పెళ్ళిళ్ళు ఎలా నడుస్తాయో చూశాను. మొదటి ఏడాది ఆడపిల్లను చీదరించుకుంటారు, రెండో ఏడాది మగపిల్లవాడిలోనే లోపం ఉందని ఊరు గుసగుసలాడుతుంది, ఆ తర్వాత పిల్లల కోసం ఒత్తిడి. మీ సహచరి ఇవన్నీ దూరం నుంచి చూస్తూ ఉండాలి. చట్టపరంగా కూడా ప్రమాదమే. ముఖ్యమైన విషయం దాచి ఒప్పించారని తేలితే, తెలిసిన ఏడాది లోపు ఆయన పెళ్ళి రద్దు కోరవచ్చు. అలాగే మిమ్మల్ని బలవంతపెట్టి తాళి కట్టిస్తే, ఆ బలవంతం తొలగిన ఏడాది లోపు మీరూ రద్దు కోరవచ్చు. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, ఎప్పుడైనా అక్కరకు రావచ్చు.

బావకు చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి, "నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదు బావా, కారణం అడగకు, నువ్వే మావయ్యకు చెప్పి ఆపించు" అనడం. మీ రహస్యం మీ దగ్గరే ఉంటుంది, కానీ ఆయన కారణాలు వెతుక్కుంటాడు, తనలో ఏదో లోటుందని అనుకోవచ్చు, లేదా ఎవరో అబ్బాయి ఉన్నాడని ఊహించి మీ నాన్నతో అనవచ్చు. రెండోది, నిజం చెప్పడం. మంచివాడని మీరే అంటున్నారు. అలాంటి మనిషి పెళ్ళికొడుకు హోదాలో "నాకు వద్దు" అంటే, ఆ మాటకు మీ ఇంట్లో మీ మాటకన్నా బరువెక్కువ. అది న్యాయం కాదు కానీ మన ఇళ్ళల్లో నిజం. ప్రమాదం కూడా చెప్పాలి: తట్టుకోలేక ఆయన ఆ సాయంత్రమే మావయ్యకు చెప్పేస్తే, మరుసటి గంటకు మీ నాన్నకు తెలుస్తుంది. అందుకని నిజం చెప్పేటప్పుడు మీరు పల్లెలో ఉండకండి. కాకినాడలో ఉండి చెప్పండి. అదీ తాంబూలాలకు ముందే. పదిమందిలో తాంబూలాలు పుచ్చుకున్నాక వెనక్కి తగ్గితే ఆయన పరువు మీద పడుతుంది, ఆ కోపం ఎవరికైనా సహజం.

అమ్మగారి బెదిరింపును బెదిరింపే కదా అని కొట్టేయవద్దు. అలాగని దానికి లొంగి తల ఊపవద్దు. ఆవిడ ఈ విషయం ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి ఒక్కరే మోస్తున్నారు, మీ నాన్నకు కూడా చెప్పలేదు. అంటే మిమ్మల్ని కాపాడుతున్నారు కూడా. ఆవిడ మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మీరు ముందు చేసి, తర్వాత ఆవిడతో చేయించండి. కాలవ మాట మళ్ళీ వస్తే తమ్ముడికి వెంటనే తెలియాలి. కారణం పూర్తిగా చెప్పనక్కర్లేదు, "అమ్మ చచ్చిపోతానంటోంది, ఒంటరిగా వదలకండి" అంటే చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి అభ్యంతరం లేదు, వెళ్ళేది అమ్మ మనసు కుదుటపడటానికైతే. మిమ్మల్ని మార్చడానికైతే వద్దు. భారత మానసిక వైద్యుల సంఘం ఇది జబ్బు కాదని 2018లోనే చెప్పింది. మారుస్తామని వైద్యం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. ఎవరైనా మందులో, కరెంటు షాకులో రాస్తే ఆ చీటీ జాగ్రత్త చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఇంకో పని ఇవాళే చేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఏ వయోజనులైనా మానసిక చికిత్స విషయంలో తమ తరఫున మాట్లాడే ప్రతినిధిని ముందే పెట్టుకోవచ్చు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. ఆ ప్రతినిధి బంధువే అయి ఉండనక్కర్లేదు. మీరు ఆమెను, ఆమె మిమ్మల్ని పెట్టుకోండి. అది లేకపోతే బంధువుల మాట ముందుకొస్తుంది.

ఆ ఆసుపత్రి రాత్రి నుంచే కదా మీకు పెళ్ళి కాగితం మీద ధ్యాస మొదలైంది. నిజానికి స్పృహలో ఉన్న వయోజనుల ఆపరేషన్‌కు కావాల్సింది వాళ్ళ సంతకమే. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో, మత్తులో ఉన్న మహిళ తరఫున కన్నతల్లి ఇచ్చిన అంగీకారం కూడా చెల్లదని తేల్చింది. ఆ మనిషే తేరుకున్నాక నిర్ణయించుకోవాలి అంది. ఆ రాత్రి టీచరుగారు నొప్పితో ఉన్నా మాట్లాడగలుగుతున్నారని రాశారు. ఆమె సంతకమే చాలు. అయినా మన ఆసుపత్రులు బంధువుల సంతకం అడగడం మానవు, తర్వాత గొడవలవుతాయని వాళ్ళ టెన్షన్ వాళ్ళది. కాబట్టి ఒకరి పేరు ఒకరు రాసి, వైద్య విషయాలు తెలుసుకోవడానికీ నిర్ణయాల్లో పాల్గొనడానికీ అధికారం ఇస్తున్నామని నోటరీ చేయించి, ఫోటో ఫోన్లో పెట్టుకోండి. అడ్మిషన్ ఫారంలో అటెండెంట్ అన్న చోట పేరు మీరే ముందుగా రాయించండి. ఇది ప్రతి ఆసుపత్రిలోనూ పనిచేస్తుందని హామీ ఇవ్వలేను. చేతిలో కాగితం ఉన్నవాళ్ళతో మాట్లాడే తీరు మాత్రం మారుతుంది.

డబ్బు సంగతికి వస్తే, పెళ్ళి ఒక్క సంతకంతో ఇచ్చేవాటిని మీరు ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోవాలి. 2023 కేసులో ఇచ్చిన మాట ప్రకారం కేంద్రం కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆ తర్వాత 2024 ఆగస్టులో, మీలాంటి జంటలు జాయింట్ అకౌంటు తెరవడానికీ ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడమని రాష్ట్రాలకు కూడా లేఖలు వెళ్ళాయి. మీ వార్డు సచివాలయంలో అడిగితే తెలియదనవచ్చు. అర్జీ రాసిచ్చి రసీదు తీసుకోండి. బ్యాంకు పని సులువు, ముందు అది ముగించండి.

అయితే నామినీ పేరు పెట్టగానే ఆస్తి వాళ్ళదైపోతుందని చాలామంది పొరబడతారు. బ్యాంకులో నామినీ డబ్బు చేతికి తీసుకుంటారు, వారసులు అడిగితే లెక్క చెప్పాలి. బీమాలోనూ తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతేనే ఆ డబ్బు వాళ్ళ సొంతమని 2015 సవరణ చెబుతోంది. స్నేహితురాలు ఆ వరుసలో లేదు. కాబట్టి వీలునామా లేకుండా మీరు పెట్టుకునే నామినేషన్లు సగం పనే. రేపు మీకేమైనా అయితే, పెళ్ళికాని హిందూ స్త్రీగా మీ కష్టార్జితం మీ అమ్మానాన్నలకు వెళుతుంది. ఆమెకేమైనా అయితే క్రైస్తవులకు వర్తించే భారత వారసత్వ చట్టం ప్రకారం తండ్రి బతికుంటే మొత్తం ఆయనకే, లేకపోతే తల్లికీ తోబుట్టువులకూ సమానంగా. నాలుగేళ్ళుగా ఇద్దరూ కూడబెట్టిన బంగారం, డిపాజిట్లు, స్కూటీ, ఏవీ రెండో మనిషికి రావు.

వీలునామా రాసుకోవడానికి స్టాంపు కాగితం అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం పెట్టాలి, ఆస్తి పొందే మనిషి సాక్షిగా ఉండకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మీరు తప్పక చేయించండి. తర్వాత ఎవరైనా ఇది అబద్ధపు వీలునామా అంటే సబ్ రిజిస్ట్రారు దగ్గర మీరు స్వయంగా వెళ్ళిన రికార్డు నిలబెడుతుంది. "మా తల్లిదండ్రుల మీద కోపంతో కాదు, నాతో కలిసి బతికిన మనిషి కాబట్టి ఇస్తున్నాను" అని కారణం ఒక వాక్యం రాయండి. ముందు ముందు ఇల్లో స్థలమో కొంటే ఇద్దరి పేర్లతో కొనండి. ఒకరి పేరున కొని తర్వాత ఇంకొకరికి గిఫ్టు రాస్తే, కుటుంబ సభ్యులకు స్టాంపు డ్యూటీలో ఉండే రాయితీ మీకు దొరకదు. అద్దె ఒప్పందంలో కూడా ఇద్దరి పేర్లూ రాయించండి. పిల్లల గురించి ఇప్పుడు అడగలేదు కాబట్టి ఒక్క మాట: ఒంటరి మహిళగా మీలో ఒకరు దత్తత తీసుకోవచ్చు, జంటగా తీసుకోలేరు.

అమ్మగారి తోట మీద ఆశ పెట్టుకుని నిర్ణయం తీసుకోకండి. అది పూర్తిగా ఆవిడ సొంతం. ఆవిడ బతికుండగా దాని మీద మీకు హక్కు లేదు, తమ్ముడి ఒక్కడి పేరే రాసినా ఆపలేరు. నాన్నగారికి తాతల నాటి భూమి ఉంటే మాత్రం హిందూ వారసత్వ చట్టం 2005 సవరణ ప్రకారం మీకు తమ్ముడితో సమానమైన వాటా ఉంది. ఎవరిని చేసుకున్నారు, అసలు చేసుకున్నారా అన్నదానితో ఆ వాటాకు సంబంధం లేదు. పోట్లాటలో ఎవరైనా విడుదల పత్రం (వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టమంటే పెట్టకండి.

సంక్రాంతికి ఊరు వెళ్ళాలా వద్దా అన్నది మిగిలింది. వెళ్ళకపోతే మావయ్య ముందు అమ్మ ఇరుకున పడతారు, కానీ మీ మీద చేయి పడదు. వెళితే ఎదురుగా కూర్చుని చెప్పే వీలుంటుంది, కానీ ఫోన్ లాక్కుని ఇంట్లో ఉంచేసే వీలూ వాళ్ళకుంటుంది. మీ నాన్నగారి కోపం ఎలాంటిదో మీకే తెలుసు. ఎప్పుడైనా చేయి చేసుకున్న మనిషైతే వెళ్ళవద్దు. వెళ్ళేటట్టయితే టెన్త్ సర్టిఫికెట్, డిప్లొమా, ఆధార్, పాస్‌బుక్కులు కాకినాడలోనే వదిలి వెళ్ళండి. ఏ రోజు ఏ టైముకు ఫోన్ చేస్తారో మీ సహచరికి చెప్పి వెళ్ళండి, రాకపోతే ఆమె 112కి చేయాలి. పెళ్ళి వద్దని మాత్రమే చెప్పి అసలు సంగతి కొంతకాలం ఆపడం కూడా గౌరవమైన దారే. కాకపోతే వచ్చే ఏడాది ఇంకో సంబంధం వస్తుంది, మళ్ళీ ఇదే యుద్ధం. అన్నీ ఒకేసారి చెప్పేస్తే ఇల్లు కొన్నాళ్ళు మూసుకుపోవచ్చు, కొన్ని ఇళ్ళు మళ్ళీ తెరుచుకోవడానికి ఏళ్ళు పడుతుంది. రెంటిలో ఏది మోయగలరో మీరే తూచుకోవాలి.

ఇంత పెద్ద ఉత్తరంలో టీచరుగారు ఏమంటున్నారో ఒక్క వాక్యం లేదు. మీ ఇంటి గొడవ అని ఆమెకు సగమే చెబుతున్నారేమో అనిపించింది. తాంబూలాల తేదీ ఆమెకు తెలుసా? ఆమె ఇంట్లో ఎవరికి తెలుసు? రేపు విషయం బయటపడితే ఆమె స్కూల్లో ఉద్యోగం నిలుస్తుందా? బావకు ఫోన్ చేసే ముందు ఆమెతో కూర్చుని ఇవి మాట్లాడండి. కాగితాల కోసం ఇద్దరూ కలిసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబరు 15100. మొదట వీలునామాలూ, మానసిక ఆరోగ్య చట్టం కింద ప్రతినిధి కాగితమూ అడగండి. అవి పండగలోపే అయిపోతాయి.